ఇన్ని గాలాలు దేనికి

కాపురానికి వచ్చిన కొత్తలో ఒక ఉదయం మంచం కింద ఊడుద్దామని చీపురు జొనిపితే, అది దేనికో తగులుకొని వెనక్కి రాలేదు. వంగి చూస్తే బిస్కెట్ డబ్బాలు, తాళం లేని రేకు పెట్టె, గోనెగుడ్డలో చుట్టిన వెదురు గెడలు. చీపురును పట్టుకున్నది ఒక గాలం. దాన్ని విడిపించబోతే ఇంకో గాలం నా చీర కుచ్చిళ్లను పట్టుకుంది. నా భర్త దవాఖాన నుంచి భోజనానికి వచ్చేదాకా గుంజకు కట్టేసిన మేకలా నేలమీదే కూర్చున్నాను.

ఆయన వచ్చి నన్ను చూసి మొదట అన్నమాట, "కదలకు, కదిలితే మొన వంగిపోద్ది" అని.

"చీర చినుగుతదని లేదు గానీ మొన వంగుతదని భయమా?" అన్నాను.

"చీర కుట్టుకోవచ్చు. గాలం బెజవాడ నుంచి రావాలి."

మా సంసారంలో మొదటి పోట్లాట అదే.

ఆయన పుట్టింది కోదాడలో, నేను పుట్టింది మిర్యాలగూడెంలో. యుద్ధం అయిపోయిన ఏడాది మిషన్ పెద్దలు మాకు పెళ్లి చేసి, సూర్యాపేట కాంపౌండులో ఒక గది, ఒక వసారా ఉన్న ఇల్లు ఇచ్చారు. ఆయన దవాఖానలో కంపౌండరు. నేను ఆడపిల్లల బడిలో పంతులమ్మను. ఉదయం ప్రార్థన గంట, సాయంత్రం ప్రార్థన గంట, ఆదివారం ఆరాధన, వారం మధ్యలో స్త్రీల కూడిక, వంటకు బియ్యం తీసినప్పుడల్లా దేవుని పేరిట పిడికెడు వేరే కుండలో వేయడం. ఇదీ మా బతుకు. చిన్నప్పటి నుంచి వాక్యం కంఠస్థం చేసినదాన్ని కాబట్టి దేనికైనా అక్కడే జవాబు వెతుక్కునే అలవాటు నాది. గాలాల సంగతికి కూడా అక్కడే వెతికాను.

ఒకసారి ఆయన పెట్టెలన్నీ వసారాలోకి లాగి ఎండకు పెట్టారు. ఖాళీ మందుసీసాల్లో కొబ్బరినూనె పోసి అందులో గాలాలు దాచేవారు, గోరంత వాటి నుంచి బొటనవేలంత వాటి దాకా. మోటు దారం, సన్న దారం, పట్టు దారం, తుమ్మచెక్క కషాయంలో నానబెడితే ఎర్రబడిన దారం. చేప గాలం పట్టిందో లేదో చెప్పడానికి నీటి మీద తేలే జీలుగు బెండ్లు. గాలం నీళ్లలోకి దిగడానికి దారానికి కట్టే సీసపు గుండ్లు.

"ఇన్ని గాలాలు దేనికి?" అని అడిగాను.

"ఇది పరకకి. ఇది జెల్లకి. ఇది కొర్రమట్టకి, దానికి పళ్లుంటాయి. వాలుగకైతే ఇది కూడా చాలదు."

"వాలుగ ఎప్పుడన్న పడ్డదా?"

"పడ్డాక వెతుక్కుంటామా?" అన్నారు.

మా మామగారు కూడా ఇంతేనని, కోదాడ పెద్దచెరువు కట్ట మీద కూర్చునే వాళ్లంతా ఇంతేనని తర్వాత తెలిసింది. వల వేసి బతికే బెస్తవాళ్ల ఇళ్లు కూడా చూశాను. గోడకు ఒక వల, మూలన ఒక బుట్ట, అంతే. రోజూ చేపలు పట్టేవాళ్ల దగ్గర సామాను ఉండదు. పట్టలేనివాడి దగ్గరే ఉంటుంది. చేప పడనప్పుడల్లా తప్పు ఏదో ఒక వస్తువుది కావాలి. గాలం పెద్దదైంది, దారం మోటుదైంది, బెండు బరువైంది అనుకుంటూ ఇంటికొచ్చి ఇంకోటి సంపాదిస్తాడు. ఆ కొత్తది చేతికొచ్చినప్పటి నుంచి మళ్లీ నీటి ఒడ్డుకు వెళ్లేదాకా చేప పడ్డట్టే ఉంటుంది. కనబడని దాని మీద నమ్మకం పెట్టుకోవడం మాకు నేర్పిన సంగతే గదా, చేప కూడా కనబడదు. అందుకని ఆయన్ని మరీ ఎక్కువగా అనలేదు.

శనివారం సాయంత్రాలు సైకిల్ మీద పెన్‌పహాడ్ దారి పట్టి మూసీ దగ్గరికి వెళ్లేవారు. చాలాసార్లు వట్టి చేతులతో వచ్చేవారు. కాంపౌండంతా నవ్వేది. కోతకాలపు పండుగ వచ్చింది. ఆ రోజు సంఘంలో అందరూ తమ కష్టఫలంలో మొదటిది గుడికి తెస్తారు, జొన్న కంకులు, గుమ్మడికాయలు, కోళ్లు, గుడ్లు. వాటిని అక్కడే వేలం వేస్తారు. ఆ ఏడు ఆయన చంకలో పెట్టుకుంటే తోక కిందికి వేలాడేంత బొచ్చె చేపను తెచ్చారు.

"మన కంపౌండరు సాబు గాలం మారుమనసు పొందిందిరో!" అని వేలం పాడే పెద్దాయన అరిచాడు. అందరూ చప్పట్లు కొట్టారు. దాన్ని పాడుకున్నవాళ్లు కూర వండి పదిమందికీ పంచారు.

సాయంత్రం సాక్ష్యాల కూడికలో, అంటే ఎవరి మనసులో ఉన్నది వాళ్లు లేచి సభ ముందు చెప్పే వేళ, ఆయన లేచారు. "ఆ బొచ్చె నేను పట్టలేదు. మూసీ దగ్గర బెస్తాయన దగ్గర కొన్నాను. మీరెవరూ అడగలేదు, నేను చెప్పలేదు. చెప్పకపోవడం కూడా అబద్ధమే" అని కూర్చున్నారు.

తర్వాత ఆ వేలం పెద్దాయనే, "మరి తిన్నోళ్లం ఏం జేయాలె సారూ?" అన్నాడు. గుడి కప్పు ఎగిరిపోయేలా నవ్వారు. నాకు సిగ్గేసింది, గర్వంగానూ ఉండింది. అడిగితే చెప్పేది మాత్రమే కాదు, అడగకపోయినా చెప్పేదే నిజమని మిషన్‌లో మా అందరికీ నేర్పారు. ఆయన దాన్ని అక్షరాలా నేర్చుకున్నారు.

నిజాం సర్కారుకూ యూనియన్‌కూ చెడినప్పుడు సరిహద్దు మూసుకుపోయింది. కోదాడ అవతలి నుంచి సరుకు రాలేదు. దవాఖానలో మందులు నిండుకున్నాయి, ఉప్పుకు కటకటగా ఉండింది. ఇక గాలాలు ఎవరు తెస్తారు? అప్పుడే ఆయనకు కమ్మరి దొరికాడు.

పెన్‌పహాడ్ దారిలో ఒక పల్లెలో కొలిమి పెట్టుకున్న మనిషి. చెయ్యి కాలి దవాఖానకు వస్తే ఆయన కట్లు కట్టారు, అట్లా స్నేహం. జంధ్యం వేసుకునే కులం, ఆ ఇంట్లో చేపా మాంసమూ, ఏ నీసూ ముట్టరు. మా ఇంట్లో మంచినీళ్లు కూడా తాగేవాడు కాదు గానీ, అంగడి రోజున కొడవళ్లు అమ్ముకొని మా వసారాలో కూర్చొని పొద్దు వాలేదాకా మాట్లాడేవాడు. సైకిల్ చక్రాల పుల్లలు, విరిగిన గొడుగుల ఊచలు వంచి గాలాలు చేసిచ్చేవాడు.

"సారూ, నువ్వు చేపలను పడ్తవా, మూసీకి నగలు జేపిస్తవా?" అనేవాడు.

"నువ్వు చెయ్యి. పడ్డం పడకపోవడం చేప ఇష్టం."

"నేను తినను, నువ్వు పట్టవు. ఇగ ఇవి ఎవరికోసం జేస్తున్ననో ఆ చేపకే తెల్వాలె."

సీసం ఎక్కడిదంటే, టీ ఆకు వచ్చే చెక్కపెట్టెల లోపల సీసపు రేకు అంటించి ఉంటుంది. ఆయన పాత పెట్టెలు సంపాదించి రేకులు ఊడదీశారు. కమ్మరి బలపపు రాతిలో వరుసగా గుంటలు తొలిచి అచ్చు చేశాడు. కరిగించి పోస్తే గుండ్లు నున్నగా, ఒకదానికొకటి తేడా లేకుండా వచ్చేవి. దారం దూరడానికి ఒక్కోదానికి బెజ్జం మళ్లీ విడిగా తొలవాలి. కొన్నింటికి తొలిచారు, మిగతావి తీరిక దొరికినప్పుడని డబ్బాలో పోసి ఉంచారు.

"ఒక డబ్బా నిండా ఏం జేసుకుంటరు?" అన్నాను.

"సరిహద్దు మళ్లీ ఎప్పుడు తెరుస్తారో ఎవరికి తెలుసు?" అన్నారు. ఆ రోజుల్లో అందరూ ఏదో ఒకటి దాచుకుంటూనే ఉన్నారు. ఒకరు ఉప్పు, ఒకరు కిరసనాయిలు. ఆయన గుండ్లు.

తర్వాత యూనియన్ పటాలాలు వచ్చాయి. రజాకార్ల పీడ పోయిందని గుడిలో కృతజ్ఞతా కూడిక పెట్టుకొని గొంతు పోయేలా పాడాం. ఆ పాట చెవుల్లో ఉండగానే పల్లెపల్లెకూ క్యాంపులు వచ్చాయి. కమ్యూనిస్టు దళాల కోసం వెతుకులాట మొదలైంది. ఆత్మకూరు వైపు నుంచి దెబ్బలు తిన్నవాళ్లను మంచాల మీద మోసుకొచ్చి దవాఖాన ముందు దించేవారు. అడివిలో ఉన్నవాళ్లు నాటు తుపాకులతో కొట్లాడుతున్నారని, వాటికి గుండ్లు పోసిచ్చేది పల్లెల్లోని కమ్మర్లేనని క్యాంపుల వాళ్ల అనుమానం. కొలిమిలో నిప్పు కనిపిస్తే చాలు ఆగేవారు.

చలికాలం, ఒక ఉదయం నేను బడికి బయలుదేరుతుండగా కాంపౌండులోకి జవాన్లు వచ్చారు. మాటలు తిప్పి చెప్పడానికి ఊరి మనిషి ఒకడు వెంట ఉన్నాడు. గాయపడ్డవాళ్లను దాచామేమోనని ఇంటింటా చూస్తున్నారు. మా మంచం కిందికి వంగిన జవాను డబ్బాలు బయటికి లాగాడు. ఒక డబ్బా బోర్లించాడు. సీసపు గుండ్లు వసారా అంతా దొర్లాయి, మెట్ల మీది నుంచి కిందికి కూడా.

జవాను ఒక గుండు తీసి వేళ్ల మధ్య తిప్పాడు. అది బెజ్జం తొలవని గుండు.

"ఇవేందని అడుగుతుండు సారూ" అన్నాడు ఊరి మనిషి.

"చేపల గాలానికి కట్టేవి."

"ఇన్ని దేనికంటుండు."

ఆయన చెప్పడం మొదలుపెట్టారు. పారే నీళ్లకు ఒక బరువు, నిలవ నీళ్లకు ఒక బరువు, చలికాలం చేప అడుగున ఉంటుంది కాబట్టి ఇంకో బరువు.

"నేను గివన్ని ఎట్ల జెప్పాలె సారూ ఆయనకు? ఒక్క మాటల జెప్పు" అన్నాడా మనిషి విసుక్కుంటూ. మళ్లీ జవాను వైపు తిరిగి, మా వైపు తిరిగి, "ఎవరు పోసిండ్రంటుండు" అన్నాడు.

నేను ఆయన ముఖంలోకి చూశాను. చెప్పొద్దని కళ్లతోనే అన్నాను. ఆయన నన్ను చూడలేదు.

"పెన్‌పహాడ్ దారిలో కమ్మరి పోశాడు. అచ్చు కూడా అతని కొలిమి దగ్గరే ఉంది, కావాలంటే చూసుకోండి" అన్నారు.

అచ్చు సంగతి వాళ్లు అడగలేదు. అచ్చు చూస్తే నిజం తేలిపోతుందని, నిజం తేలితే అందరికీ మేలే జరుగుతుందని ఆయన నమ్మకం. అంతకంటే ఆయన మనసులో ఏమీ లేదు. ఆయన్ని తీసుకుపోయారు. పొద్దు తిరక్కముందే కమ్మరిని కూడా తెచ్చారని కబురొచ్చింది.

మర్నాడు మా పాస్టరు అయ్యగారిని వెంటబెట్టుకొని క్యాంపుకు వెళ్లాను. అది రోడ్డు పక్కన, చెరువు కట్ట దగ్గర, బాటసారులు దిగే పాత ముసాఫిర్‌ఖానాలో ఉండేది. గేటు దగ్గర కమ్మరి భార్య కూర్చొని ఉంది, ఒళ్లో జొన్నరొట్టెల మూట. నన్ను చూసి లేచింది.

"పంతులమ్మా, మా ఆయన పేరు ఎవరు జెప్పిన్రో నీకేమన్న ఎరుకనా?"

"మా ఆయనే చెప్పిండు" అన్నాను.

"ఎందుకు జెప్పిండు?"

"అడిగిన్రు."

"అడిగితే జెప్తరా?" అన్నది.



అయ్యగారు లోపలికి వెళ్లి చాలాసేపు మాట్లాడారు. క్యాంపు అధికారి బయటికి వచ్చాడు, చేతిలో స్టీలు గ్లాసు. ఎండలో నిలబడి చాయ్ తాగుతూ హిందుస్తానీలో ఏదో అన్నాడు. జవాన్లు నవ్వారు. నిన్నటి ఊరి మనిషి తిప్పి చెప్పాడు.

"సాబు ఏమంటుండంటే, చేపలు పట్టెటోడే అయితే పట్టి చూపియ్యమను అంటుండు. గీ చెరువులనే. మధ్యాహ్నం కంచంల చేప ఉంటే ఇద్దరినీ ఇడిచిపెడ్తడట. లేకుంటే గీ సీసం చేపలకు గాదని అనుకుంటడట."

ఇద్దరినీ తెచ్చారు. ఆయన పెదవి వాచి ఉంది. కమ్మరి చేతులు ముందుకు కట్టేసి ఉన్నాయి, ఒక కన్ను మూసుకుపోయింది. వెనక ఒక జవాను మా రేకు పెట్టెను నెత్తిన పెట్టుకొని వస్తున్నాడు. నన్నూ కమ్మరి భార్యనూ కట్ట మీదే నిలబెట్టారు. కింద నీటి అంచున వాళ్లిద్దరూ, కుర్చీ వేసుకొని అధికారి. మాటలు మాకు వినబడుతూనే ఉన్నాయి.

ఆయన పెట్టె తెరిచి, దారం తీసి, "సాబ్, సీసపు గుండు ఒకటి ఇప్పించండి" అన్నారు. చలికి చేప లోతుకు దిగి ఉంటుంది, బరువు లేనిదే గాలం అక్కడికి పోదు.

అధికారి తల అడ్డంగా ఊపాడు. "గా సీసం సంగతి తేలాలనే గదా గీ తమాషా అంతా" అన్నాడు ఊరి మనిషి. "సీసం తప్ప ఏమన్న వాడుకో సారూ."

ఆయన గులకరాయి కట్టారు. జారిపోయింది. ఇంకోటి కట్టారు, అదీ జారింది.

"సారూ" అన్నాడు కమ్మరి, "నా మొలతాడుకు ఇంటి తాళంచెవి ఉన్నది. ఇనుపది. అది కట్టు."

ఆయన వంగి విప్పుకున్నారు. కమ్మరి ఒక్క కంటితో ఆయన్ని చూస్తూ, "ఇన్నేండ్ల సంది ఎన్నడన్న పట్టినవా? ఇయ్యాల పట్టు" అన్నాడు. అది ఎగతాళో బతిమాలుకోవడమో నాకు ఇప్పటికీ తెలియదు.

గాలం నీళ్లలో పడింది. బెండు నిలబడింది. నేను కళ్లు మూసుకున్నాను.

"మీ దేవుడు చేప ఇస్తడా?" అని పక్క నుంచి అడిగింది కమ్మరి భార్య.

"ఇస్తడు. ఏమీ పడనోళ్లకు వల పిగిలేటట్టు ఇచ్చిండు."

"మరి అడుగు. నేను మా ఎల్లమ్మకు మొక్కుతున్న. ఎవరిచ్చినా మంచిదే."

అడిగాను. వల నిండా వద్దన్నాను. వేలెడంత పరక చాలన్నాను. శిష్యుడు గాలం వేస్తే మొదటి చేప నోట్లోనే పన్నుకు కావలసిన నాణెం దొరికేలా చేసిన ప్రభువా, నాకు చేప నోట్లో ఏమీ వద్దు, చేప చాలు అన్నాను. అంత చిన్న ప్రార్థన నా జన్మలో చేయలేదు, అంత గట్టిగానూ చేయలేదు.

బెండు మునిగింది. కళ్లు తెరిచేసరికి దారం బిగుసుకొని నీళ్లను కోస్తోంది. బరువైన చేపే. ఆయన నిదానంగా ఆడించాల్సింది, ఒక్క గుంజు గుంజారు. దారం పుటుక్కున తెగి పైకెగిరింది. చేప పోయింది, గాలం పోయింది, తాళంచెవి పోయింది.

కమ్మరి భార్య నా చెయ్యి పట్టుకుంది, అంతే.

ఆ తర్వాత ఆయన చేసింది చూడలేకపోయాను. సీసా తర్వాత సీసా తెరిచారు. చిన్న గాలం కట్టారు, తీసి పెద్దది కట్టారు. పట్టు దారం వేశారు, ఎర్ర దారం వేశారు. బెండు మార్చారు. ఎర మార్చారు. మార్చినప్పుడల్లా పక్కనున్న జవానుకు, భాష రాని అతనికి, "ఇది కాదు, ఇదైతే పడుతుంది" అని చెబుతూనే ఉన్నారు. బరువు ఒక్కటే లేదు, మిగిలినవన్నీ ఉన్నాయి. ఎండ నెత్తి మీదికొచ్చింది. అధికారి మొదట చిన్నగా నవ్వాడు. తర్వాత కడుపు పట్టుకొని నవ్వాడు. కళ్లు తుడుచుకుంటూ లేచాడు.

"సాబు ఏమంటుండంటే," అన్నాడు ఊరి మనిషి, అతనికీ నవ్వు ఆగడం లేదు, "నువ్వు నిజంగనే గాలం పిచ్చోనివట. తుపాకి పట్టెటోడు గింత తెలివి తక్కువోడు ఉండడట. పో సారూ, ఇంటికి పో."

ఆయన కదల్లేదు. "మరి ఇతను?"

అధికారి కమ్మరి వైపు చూశాడు. నవ్వు పోయింది. "నువ్వు చేపలు తింటవా?" అని ఊరి మనిషి తిప్పి అడిగాడు.

కమ్మరి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. "లేదు సాబ్. మా ఇంట్ల నీసు ముట్టం."

"తిననోనివి చేపల గుండ్లకు అచ్చెందుకు జేసినవ్?"

"సారు అడిగిండని."

"నేనే చేయించాను సాబ్" అని ఆయన అరిచారు. "సీసం నాది, గుండ్లు నావి. అన్నీ నేనే చేయించాను. ఇతనికేం తెలియదు."

ఊరి మనిషి ఆ మాటను అధికారికి చెప్పనే లేదు. "గా మాట నిన్న అనేదుండె సారూ" అని మాత్రం మెల్లగా అన్నాడు.

కమ్మరిని వెనక్కి తీసుకుపోయారు. కట్ట దిగి రొట్టెల మూట ఇవ్వబోతే ఆమెను దగ్గరికి రానివ్వలేదు.

కొద్దిరోజులకు నల్లగొండకు పంపామన్నారు. ఆయనా అయ్యగారూ నల్లగొండ వెళ్లారు. జైల్లో లేడన్నారు. మిర్యాలగూడెం వైపు కొందరిని తీసుకుపోయారని ఎవరో అంటే అక్కడ ఉండే మా అన్నకు కబురు పెట్టి వెతికించాం. ఒకరు చెప్పింది ఇంకొకరు చెప్పలేదు. గుట్టల్లో కాల్చేశారని కొందరు, పారిపోయి దళంలో కలిశాడని కొందరు. కమ్మరి మళ్లీ ఎవరికీ కనబడలేదు.

బైబిల్లో, యెరికో పట్టణపు గోడ మీది ఇంట్లో వేగులవాళ్లను దాచిన స్త్రీ ఉంది. రాజు మనుషులు వచ్చి అడిగితే ఇక్కడ లేరని అబద్ధం చెప్పింది. విశ్వాసుల వరుసలో ఆమెను లెక్కించారు. ఆ కథ మాకు చిన్నప్పుడే నేర్పారు, నేనూ పిల్లలకు నేర్పాను. కానీ ఆ అబద్ధం దగ్గర ఆగి మాతో ఎవరూ మాట్లాడలేదు. అబద్ధసాక్ష్యం చెప్పకూడదన్నారు గానీ, పొరుగువాడి మీదికి పోయే నిజం సంగతి ఏమిటో చెప్పలేదు. నా ప్రార్థనకు జవాబు రాలేదని నేను అనను. ఆ జవాబు ఏమిటో ఇంతవరకు నాకు తెలియదంటాను. విశ్వాసం పోలేదు. అది పోతే ఇక అడగడానికి కూడా ఎవరూ మిగలరు.

ఆయన వానాకాలం దాకా గాలం ముట్టలేదు. వానలకు చెరువు నిండాక మొదలుపెట్టారు. ఇదివరకటిలా శనివారాలు కాదు, రోజూ. దవాఖాన మూయగానే వెళ్లేవారు. సరిహద్దు తెరుచుకుంది కాబట్టి కోదాడ మీదుగా గాలాలు మళ్లీ వచ్చాయి. ముందటికంటే ఎక్కువ తెప్పించారు. మంచం కింద చాలక గోడలకు మేకులు కొట్టి వేలాడదీశారు. సీసం మాత్రం ఇంట్లోకి రానివ్వలేదు, ఇనుప ముక్కలే కట్టేవారు. నవ్వు లేదు, చేపల కబుర్లు లేవు. ఏ చేపకు ఏ గాలమో నాకు చెప్పడం మానేశారు.

ఒక ఆదివారం అయ్యగారు పీఠం మీది నుంచి, తన వలకే ధూపం వేసి మొక్కేవాళ్ల గురించి ప్రవక్త చెప్పిన మాట తీసి ప్రసంగించారు. ఎవరి గురించో అందరికీ తెలుసు. ఆరాధన అయ్యాక ఆయనే అయ్యగారి దగ్గరికి వెళ్లారు, నేను పక్కనే ఉన్నాను.

"మొక్కడం లేదు అయ్యగారూ. మళ్లీ పట్టి చూపించమంటారేమో. అప్పుడు గాలం లేదనీ చేప పడలేదనీ అనే పని ఉండకూడదు."

"ఎవరు అడుగుతరు నాయనా? ఆ అధికారి ఎప్పుడో బదిలీ అయిపోయిండు."

"ఎవరో ఒకరు."

అయ్యగారు ఆయన తల మీద చెయ్యి పెట్టారు, ప్రార్థన మాత్రం చేయలేదు.

మెల్లగా చేపలు పడసాగాయి. ఆయన ఇంటికి తెచ్చేవారు కాదు, దవాఖానలో రోగుల వెంట వచ్చినవాళ్లకు ఇచ్చేసేవారు. మరుసటి చలికాలం వచ్చింది. ఒకరోజు పొద్దున్నే వెళ్లిన మనిషి మధ్యాహ్నమైనా రాలేదు. వచ్చేసరికి చొక్కా ముందంతా తడి, పొలుసులు అంటుకొని ఉన్నాయి. చేతులు ఖాళీ.

"పడ్డది" అన్నారు. "తూము దగ్గర, లోతులో. మూరకు మించి ఉంది. మొదటి విసురుకే."

"ఏదీ?"

"క్యాంపుకు తీసుకుపోయాను."

ముసాఫిర్‌ఖానాలో అప్పటికీ క్యాంపు ఉంది, మనుషులే మారారు. గేటు దగ్గర ఒక పడుచు జవాను. ఈయన చేపను రెండు చేతుల మీద పెట్టుకొని నిలబడితే, వాడు చూసి, ధర ఎంత అని అడిగాడట.

"అమ్మకానికి కాదు, దీనికి బదులు మనిషిని ఇస్తానన్నారు, ఆ మనిషిని పంపండి అన్నాను. నా ఉర్దూ వాడికి అర్థం కాలేదో ఏమో. నవ్వి, చేప తీసుకొని లోపలికి పోయాడు. మళ్లీ రాలేదే."

"కమ్మరి భార్యకు చెప్పాలి" అన్నారు.

"ఏమని జెప్తరు? ఆమె అడగలేదు గదా."

"అడగలేదు" అన్నారు, సైకిల్ తీస్తూ. నేనూ వెనక ఎక్కి కూర్చున్నాను.

కొలిమి నడుస్తోంది. ఆమె తమ్ముడు వచ్చి ఉంటున్నాడు, అతను కొడవలి సాగగొడుతుంటే ఆమె తిత్తి ఊదుతోంది. ఆయన గుమ్మం బయటే నిలబడి చెరువు, తూము, చేప, గేటు, జవాను, అన్నీ వరసగా చెప్పారు. ఒక్క ముక్క వదలలేదు. ఆమె తిత్తి ఊదడం ఆపలేదు.

అంతా విని, "ఇప్పుడు పడ్డదా సారూ" అన్నది.

నిప్పు తగ్గాక లేచి, మూలన ఉన్న గోనెపట్ట దులిపి మా కోసం నేల మీద పరిచింది. మేము కూర్చున్నాం.